28 ఆటలో ముందు ఏది నేర్చుకోవాలి?

కడపలో నలుగురు కలిసి 28 అనే పేకాట నేర్చుకుంటున్నామని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ముందు ముక్కల విలువ ఒంటబట్టించుకోండి. 7 నుంచి ఆసు దాకా 32 ముక్కలే. జాకీకి 3, తొమ్మిదికి 2, ఆసుకీ పదికీ ఒక్కొక్కటి, మిగతావాటికి సున్నా. నాలుగు రంగులూ కలిపితే 28. రమ్మీ ఆడిన మనకు రాజు కంటే తొమ్మిది పెద్దదంటే వెంటనే తలకెక్కదు.

నాలుగేసి ముక్కలు పడగానే 14 నుంచి పాట, అంటే ఎన్ని పాయింట్లు తెస్తామో వేలంలా పాడటం. పాడుకున్నవాళ్లు తురుపును (మిగతా రంగులను కొట్టే రంగు ముక్కను) బోర్లా పెట్టాక మిగతా నాలుగు పంచుతారు.

ఎదురుగా కూర్చున్నవారే మీ జోడీ. ఒక చుట్టులో వాళ్ల జాకీ గెలుస్తూ, చివరగా వేసేది మీరైతే, అదే రంగు ఆసో పదో అందులో వేసేయండి; ఆ పాయింట్లు మీ జోడీకే. అనంతపురం హాస్టల్లో నాకు ఆట అర్థమైంది అక్కడే. సైగలు మాత్రం అసలొద్దు.