ఆఖరి సీజన్ రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. "హీరోయిన్ ఎవరిని చేసుకుంటుందో మొదటి సీజన్‌లోనే అందరికీ తెలిసిపోయింది మేడమ్, ఇక ఆఖరి సీజన్‌లో ఏం దాచను?" అని అడిగావు. ఏమీ దాచకు. వేసవి సెలవులు, సముద్రం ఒడ్డున ఇల్లు, అన్నదమ్ములిద్దరి మధ్య ఒక అమ్మాయి. ఈ కథ ఎంచుకున్న రోజే ముగింపు చెప్పేసినట్టు. ఇంతమంది ఎదురుచూసేది ఆ అమ్మాయి అక్కడికి ఎలా చేరుతుందో చూడ్డానికి.

అలాంటి కథే ఉన్న అమెరికన్ సిరీస్ 'ద సమ్మర్ ఐ టర్న్‌డ్ ప్రెట్టీ' మూడో సీజన్ మళ్లీ చూడు, ఈసారి పెన్ను పట్టుకుని. దానికి మూలమైన మూడు నవలలూ జెన్నీ హాన్ 2009 నుంచి 2011 లోపే రాసేసింది. అంటే 2025 జూలైలో అమెజాన్ ప్రైమ్‌లో ఆఖరి సీజన్ మొదలయ్యేసరికి, హీరోయిన్ బెల్లీ చివరికి అన్న కాన్రాడ్‌నే చేసుకుంటుందని పుస్తకం చదివిన ప్రతి పిల్లకీ తెలుసు. అయినా 11 ఎపిసోడ్లూ బుధవారం ఎప్పుడొస్తుందా అని చూశారు.

నీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే. ఓడిపోయే అబ్బాయిని చెడ్డవాణ్ని చేసి పని సులువు చేసుకోకు. తమ్ముడు జెరెమయా స్ప్రింగ్ బ్రేక్ అనే కాలేజీ సెలవుల్లో వేరే అమ్మాయితో గడిపాడన్న సంగతి సీజన్ మొదట్లోనే బయటపడుతుంది. అది నవలలోనూ ఉంది, కానీ తెర మీద దాని బరువు ఎక్కువ. అక్కడే త్రాసు ఒక వైపు ఒరిగిపోయింది. నన్నడిగితే దానికంటే పెళ్లి కేక్ గొడవే బాగా పనిచేసింది. తనకు నచ్చిన చాక్లెట్ కేకే కావాలని అతను పట్టుబట్టడం చిన్న విషయం. పెళ్లి చేసుకోబోతున్న అతనూ, బెల్లీ దానికి ఇంకా సిద్ధంగా లేరని ఆ చిన్న విషయమే చెప్పేసింది. బెల్లీ వాళ్లమ్మ లారెల్ ఆ పెళ్లి వద్దంటే మనకి విలన్‌లా అనిపించదు, అమ్మలాగే అనిపిస్తుంది. నీ రెండో అబ్బాయికీ అలాంటి సీన్లు రాయి. అతను మంచివాడై ఉండీ ఆమెకు సరిపోకపోవాలి. రాయడం కష్టమే, తెలుసు. కానీ అతని వైపు నిలబడి చూసిన పిల్లలకి మనం ఇవ్వాల్సిన మర్యాద అది.

ఇంకో సంగతి. ఆ సీజన్‌లో ఐదో ఎపిసోడ్ కాన్రాడ్ వైపు నుంచి నడుస్తుంది. అప్పటిదాకా నోరు విప్పనివాడు లోపల ఏమనుకుంటున్నాడో వింటాం. సగం దారిలో అలా గొంతు మార్చడం మంచి ఎత్తు, కానీ ఒక్కసారే వాడాలి.

పెళ్లి ఆగిపోయాక ఏం జరిగిందన్నది ఇంకా ముఖ్యం. నవలలో బెల్లీ స్పెయిన్ వెళ్తుంది, ఆ కాలం కొన్ని పేజీల్లో గడిచిపోతుంది. సిరీస్‌లో పారిస్ వెళ్తుంది, దానికి ఏకంగా ఎపిసోడ్లే ఇచ్చారు. అద్దె గది, తెలియని భాష, కొత్త స్నేహితులు. ఆ అన్నదమ్ములిద్దరూ లేనిచోట తను ఎవరో తెలుసుకుంటుంది. ఆ తర్వాత కాన్రాడ్ వచ్చినా వెంటనే ఒప్పుకోదు. నువ్వు నన్ను ప్రేమిస్తున్నది మీ అమ్మ కోరుకుందనేనా అన్న అనుమానం ఆమెకి వస్తుంది. ఎంత న్యాయమైన అనుమానం! మొదటి సీజన్ నుంచీ ఆ అన్నదమ్ముల అమ్మ సుసానా ఆశ ఆ ఇంట్లో ఉంది కదా. ఆఖర్న ఆ ప్రశ్న అడగకపోతే కథ మొత్తం అబద్ధమయ్యేది. ఆ అనుమానం తీరాకే రైలు కోసం పరిగెత్తుతుంది. నీ కథలో అలాంటి ప్రశ్న ఏదో వెతుకు. మొదటి సీజన్‌లోనే ఎక్కడో పడి ఉంటుంది. అది దొరక్కుండా క్లైమాక్స్ రాయడానికి కూర్చోకు.

హుక్‌ల గురించి, అంటే తర్వాతి ఎపిసోడ్ చూడాలనిపించే ముగింపుల గురించి కూడా అడిగావు. మా డైలీ సీరియల్‌లో హుక్ ఒక్క రాత్రికి సరిపోతే చాలు, తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారంటే రేపటిదాకా ఆగుతారు. వారానికి ఒకటి వచ్చేదానికి అది చాలదు. ఏడు రోజులు స్నేహితులు వాదించుకునే ప్రశ్న కావాలి.

సోషల్ మీడియా మాత్రం రాస్తున్నన్నాళ్లూ చూడకు. మాకు గురువారం రేటింగ్ వచ్చిందంటే ట్రాక్ మారిపోయేది, చచ్చిపోవాల్సినవాడు బతికేవాడు. నీకు ఆ టెన్షన్ లేదు, అన్నీ షూట్ చేశాకే విడుదల. ఆ అదృష్టాన్ని పోగొట్టుకోకు. ఆ సిరీస్ వాళ్లయితే నటుల్ని తిట్టొద్దని, వేధించొద్దని అభిమానుల్ని బహిరంగంగా కోరాల్సి వచ్చింది. రెండో అబ్బాయిగా వేసే కుర్రాడికి కూడా నువ్వు ముందే ఫోన్ చేసి ధైర్యం చెప్పు.

ఆఖరి ఎపిసోడ్ వచ్చిన రోజే వాళ్లు సినిమా కూడా ప్రకటించారు. నీ నిర్మాతా అలాంటిదేదో అడుగుతాడు. దాని కోసం ఒక్క ముడీ విప్పకుండా వదలకు. కొత్త కథ కావాలంటే కొత్త ముడి వేసుకోవచ్చు.

వన్‌లైన్, అంటే సీన్ల వారీ కథ సారాంశం, మొత్తం పంపకు. అమ్మాయి ఒంటరిగా ఉండే ఆ ఎపిసోడ్ సీన్ ఆర్డర్ ముందు పంపు, ఆదివారం కూర్చుని చదువుతాను.

ఇట్లు,
మీ మేడమ్