పెళుసు ఎముకలతో పియానిస్టు ఎలా అయ్యాడు?

ఫ్రెంచ్ జాజ్ పియానిస్టు మిషెల్ పెట్రుచియానీ (1962–1999) గురించే కదా అడిగారు! ఆయనకు పుట్టుకతోనే ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా, అంటే ఎముకలు ఇట్టే విరిగిపోయే జబ్బు. ఎత్తు సుమారు 3 అడుగులే. పసితనంలో టీవీలో అమెరికా జాజ్ పియానిస్టు డ్యూక్ ఎల్లింగ్టన్‌ను చూసి పియానో కావాలని పట్టుబట్టాడు. బొమ్మ పియానో కొనిస్తే సుత్తితో పగలగొట్టాడట! నాన్న గిటారిస్టు కావడంతో ఇంట్లోనే సంగీతం అబ్బింది. చేతులు మామూలు పొడవే కనుక మీటలపై పట్టుకు లోటు రాలేదు. చిక్కల్లా పెడళ్లతోనే, అంటే పియానో కింద కాలితో నొక్కే మీటలతోనే. కాళ్లు అందవు కాబట్టి పెడళ్లను పైకి పొడిగించే ప్రత్యేక అమరిక వాడేవాడు. 13 ఏళ్లకే కచేరీ చేశాడు. తర్వాత అమెరికా వెళ్లి, వేదికలకు దూరమైన సాక్సాఫోన్ విద్వాంసుడు చార్లెస్ లాయిడ్ మళ్లీ వాయించడానికి కారణమయ్యాడు. అయితే జబ్బును జయించాడనడం నాకు నచ్చదు. వాయిస్తుండగా ఎముకలు విరిగిన సందర్భాలూ ఉన్నాయి.