‘కోపం వస్తుందా?’, ‘కోపంగా ఉందా?’

సందేహం: బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (ఉద్వేగాలు వెంటవెంటనే మారిపోయే ఒక రుగ్మత) ఉన్నవారి మూడ్ రోజు మొత్తంలో ఎలా మారుతుందో తెలుసుకునే ఒక ప్రశ్నావళిని తెలుగు చేస్తున్నాను. ఫోన్ మోగినప్పుడల్లా వాళ్లు జవాబు నొక్కాలి. ‘మూడ్’ అనడానికి ‘మానసిక స్థితి’ సరిపోతుందా? ‘బోర్డర్‌లైన్’ను ‘సరిహద్దు’ అనవచ్చా? ‘మీకు కోపం వస్తుందా?’ అని రాస్తే ఒకరు తప్పన్నారు, ఎందుకు? ‘మనఃస్థితి’, ‘మనస్థితి’ – వీటిలో ఏది ఒప్పు?

సమాధానం: అసలు చిక్కు మీ మూడో ప్రశ్నలో ఉంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. ‘వస్తుంది’ అనే రూపం తెలుగులో రెండు పనులు చేస్తుంది. ‘ఆయనకు ఊరికే కోపం వస్తుంది’ అంటే అలవాటు, స్వభావం. ‘ఈ సంగతి తెలిస్తే ఆయనకు కోపం వస్తుంది’ అంటే జరగబోయేది. ఇప్పుడు జరుగుతున్నదానికి ‘వస్తోంది’ అనో ‘వస్తున్నది’ అనో వేరే రూపం ఉంది. వాడుకలో ఇవి బాగా కలిసిపోయాయి. ఎదురుగా వాన పడుతుండగానే ‘వాన పడుతుంది’ అనేవాళ్లు ఎంతోమంది. మాటల్లో దానివల్ల నష్టమేమీ లేదు, సందర్భం కాపాడుతుంది. ఫోన్ తెర మీద ఒక్క వాక్యంగా కనిపించే ప్రశ్నకు ఆ ఆసరా లేదు. ‘మీకు కోపం వస్తుందా?’ అని చదివిన మనిషి తన స్వభావం గురించి అడుగుతున్నారనుకుని ‘అవును’ నొక్కవచ్చు. ఆ నిమిషంలో హాయిగా కూర్చుని ఉన్నా సరే.

రోజులో పలుమార్లు అడిగే ఈ పద్ధతి పుట్టిందే అటువంటి జవాబులను తప్పించడానికి. ‘గడిచిన నెలలో మీకు ఎంత కోపం వచ్చింది?’ అని అడిగితే మనిషి లెక్కపెట్టి చెప్పడు. బాగా గట్టిగా తగిలినవి, ఈమధ్య జరిగినవి, ఇప్పుడున్న మూడ్ – ఇవన్నీ కలిసి జవాబును తయారుచేస్తాయి. అందుకని రోజుకు చాలాసార్లు, మనిషి తన పనుల్లో తానుండగానే, ‘ఈ క్షణంలో ఎలా ఉంది?’ అని అడగడం మొదలుపెట్టారు. 1994లో ఆర్థర్ స్టోన్, సాల్ షిఫ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తరహా అధ్యయనాలకు ఒక పేరు పెట్టి, పద్ధతిని వివరించారు. ఫోన్లు వచ్చాక పని తేలికైంది.

ఎన్నిసార్లు అడిగినా క్రియ తప్పితే శ్రమంతా వృథా. జవాబులను లెక్కించే తీరు చూడండి. పది మార్కుల కొలత మీద ఒకరు వరసగా 5, 5, 5, 5 అని, మరొకరు 1, 9, 1, 9 అని నొక్కారనుకుందాం. ఇద్దరి సగటూ 5 మాత్రమే. సగటు చూస్తే ఇద్దరూ ఒకటే! అందుకని ఒక జవాబుకూ దాని తర్వాతి జవాబుకూ తేడా తీసి, దాన్ని వర్గం చేసి, ఆ వర్గాల సగటు చూస్తారు. మొదటివారికి సున్నా వస్తుంది, రెండోవారికి 64. అవే అంకెలు 1, 1, 9, 9 అని వస్తే 21 దాటి కొద్దిగా ఉంటుంది. అంటే వరస కూడా లెక్కలోకి వస్తుంది. 2008లో తిమోతీ ట్రల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం బోర్డర్‌లైన్ ఉన్నవారినీ డిప్రెషన్ ఉన్నవారినీ ఇలాగే పోల్చింది. సగటులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వైరభావం, భయం, దుఃఖం ఒక జవాబుకూ తర్వాతి జవాబుకూ మధ్య ఎగిరిపడటంలో మాత్రం తేడా బయటపడింది. ప్రశ్న ‘ఇప్పుడు’ గురించి కాక ‘మామూలుగా’ గురించి అని అర్థమైతే, ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది, ఆ ఎగుడుదిగుడు కాస్తా చదునైపోతుంది.

‘వస్తోందా’ అని దిద్దితే చాలా అంటే, అదీ నాకు తృప్తిగా లేదు. అప్పుడే మొదలవుతున్న కోపం అనిపిస్తుంది. ‘వచ్చిందా’ అంటే గంట క్రితం వచ్చి పోయినదీ అందులోకి వస్తుంది. స్థితిని చెప్పడానికి మనకు చక్కని ప్రత్యయం ‘గా’ ఉంది: కోపంగా ఉంది, దిగులుగా ఉంది, చిరాగ్గా ఉంది, టెన్షన్‌గా ఉంది. కాబట్టి ‘ఈ క్షణంలో మీకు ఎంత కోపంగా ఉంది?’ అని రాయండి. ‘మీరు ఎంత కోపంగా ఉన్నారు?’ అనకండి. ‘నాకు కోపంగా ఉంది’ అన్నది లోపలి అనుభవం. ‘కోపంగా ఉన్నారు’ అన్నది ఎక్కువగా బయటినుంచి చూసి అనే మాట, అడిగితే నిలదీసినట్టు ఉంటుంది.

ఇక ‘మానసిక స్థితి’. పుస్తకంలో అయితే అభ్యంతరం లేదు. ప్రశ్నలో వద్దు. ‘మానసిక స్థితి సరిగా లేదు’ అని వార్తల్లో చదివీ చదివీ ఆ మాటకు పిచ్చి అనే వాసన పట్టింది. ‘మూడ్’ అందరికీ తెలిసిన మాటే గానీ, ‘మూడ్ లేదు’ అంటే ఆ పని చేయాలని లేదని కూడా అర్థం. (దాన్ని ‘మూడు’ అని అచ్చు వేయనివ్వకండి, అంకె అనుకుంటారు.) ‘ఇప్పుడు మీ మనసు ఎలా ఉంది?’ అంటే సరిపోతుంది.

‘సరిహద్దు’ మాత్రం బొత్తిగా వద్దు. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే మనోవిశ్లేషకుడు న్యూరోసిస్‌కూ (వాస్తవంతో సంబంధం తెగని ఆందోళన వంటి బాధలు) సైకోసిస్‌కూ (వాస్తవంతో సంబంధం తెగే స్థితి) నడుమ ఉన్నట్టు కనిపించిన రోగుల గురించి రాస్తూ ‘బోర్డర్‌లైన్’ అన్నాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వర్గీకరణలో చేర్చేనాటికి అది ఒక ప్రత్యేకమైన రుగ్మత పేరు. పాత అంచు ఊహ పోయింది, మాట మిగిలింది. మనవాళ్ల వాడుకలో ఇంకో చిక్కుంది. ‘షుగర్ బోర్డర్‌లో ఉంది’ అంటే ఇంకా జబ్బు రాలేదని కదా అర్థం. కాబట్టి ‘బోర్డర్‌లైన్’ అని తెలుగు లిపిలోనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘ఉద్వేగ అస్థిరత ప్రధానంగా ఉండే వ్యక్తిత్వ రుగ్మత’ అని వివరించండి. ఈ అస్థిరత సాధారణంగా గంటల లెక్కన ఉంటుంది, కొద్ది రోజులు దాటడం అరుదు. డిప్రెషన్ అని నిర్ధారించడానికి కనీసం రెండు వారాలు చూస్తారు. ఈ తేడా ఒక వాక్యంలో చెబితే పాఠకులు రెంటినీ కలగలపరు. ‘చంచలత్వం’, ‘నిలకడలేమి’ అనే మాటలు వాడకండి. అవి మనిషిని తిట్టడానికి వాడేవి. ‘బోర్డర్‌లైన్ వాళ్లు’ అనీ రాయకండి, మీ ఉత్తరంలో లాగే ‘ఉన్నవారు’ అంటే మర్యాదగా ఉంది.

‘మనఃస్థితి’, ‘మనస్థితి’ రెండూ ఒప్పే. ‘స్థ’కు ముందున్న విసర్గ లోపించడం సంస్కృత వ్యాకరణం ఒప్పుకున్నదే. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి.