బిడ్డ ఐటీఐలో పాఠం చెప్తానంటే రంది ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. పాసైనప్పటి నుంచి రెండేండ్లుగా మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నది. కొత్తగా చేరిన హెల్పర్లకు పని కూడా నేర్పుతదట. ఇప్పుడు అది మానేసి ఐటీఐలో చదువు చెప్పే ట్రైనింగ్ తీసుకుంటానంటున్నది. నేనేమో ఈసెట్ రాయించి బీటెక్, ఆ తర్వాత బీఎడ్ చేయిద్దామనుకుంటున్న. 45 రోజుల ఆన్‌లైన్ ట్రైనర్ కోర్సు ఒకటి ఉన్నది, 40 వేలు. వయోజన విద్యలో ఉద్యోగం ఇప్పిస్తానని ఇంకొకాయన అంటున్నడు. ఐటీఐ పంతులమ్మ అంటే సంబంధాలు వస్తాయా అని ఇంట్లో రంది. ఏది మంచిది? (ఒక తండ్రి, హాలియా)

జవాబు: నాలుగు దారులు పోల్చమన్నారు కానీ మీ రంది చివరి వాక్యంలో ఉంది. ఐటీఐ అంటే చదువు అబ్బనివాళ్ళు పోయే జాగా అనే మాట మన జిల్లాల్లో ఇంకా పోలేదు. ఇదే ప్రశ్న పేర్లు మారి ఏటా వస్తూనే ఉంటుంది. మీకు కోపం వచ్చినా ఒకటి చెప్పాలి. హెల్పర్లకు పని నేర్పుతుందన్న మాటను మీరు ఒక్క ముక్కలో రాసి దాటేశారు. అంత పెద్ద ప్రశ్నలో మీ బిడ్డ గురించిన అసలు సంగతి అదే. నేర్పడం వచ్చినవాళ్ళు దొరకడం ఎంత కష్టమో ఐటీఐలు నడిపేవాళ్ళను అడగండి. రెండేండ్లు మిల్లులో మోటార్ల మధ్య నిలబడి పనిచేసిన పిల్లకు ఏం కావాలో తెలుసు. ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి, సంబంధాల సంగతి తర్వాత.

బీఎడ్ బడి పంతుళ్ళ చదువు. ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్‌ను దాన్ని అడగరు. ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరితే బీటెక్ మూడేండ్లు, బీఎడ్ రెండేండ్లు. ఐదేండ్లు పోయాక కూడా ఐటీఐ తలుపు దగ్గర అడిగేది నేషనల్ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్, అంటే ఎన్‌సీఐసీనే. దాని కోసం ఐదేండ్లు ఆగడం దేనికి?

ఆ సర్టిఫికెట్ ఇచ్చే చదువు పేరు సీఐటీఎస్ (క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్), ఏడాది కోర్సు. కేంద్రంలోని డీజీటీ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్) పెట్టే ఎంట్రెన్స్ రాసి చేరాలి. హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్‌లలో నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి, వీటినే ఒకప్పుడు ఏటీఐలనేవారు. చేరే ముందు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ (నేర్పే వృత్తి) ఎక్కడ ఉందో చూసుకోండి. ఇన్‌స్ట్రక్టర్ అర్హతకు ఎన్‌సీఐసీతోపాటు ఇంజినీరింగ్ డిగ్రీవాళ్ళకు ఒక ఏడాది, డిప్లొమావాళ్ళకు రెండేండ్లు, ఐటీఐ పాసైనవాళ్ళకు మూడేండ్ల పని అనుభవం కావాలి. మీ బిడ్డకు ఆ రెండేండ్లు ఇప్పటికే ఉన్నాయి. రెండు యూనిట్లకు, అంటే రెండు బ్యాచ్‌లకు, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఉంటే ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా, ఇంకొకరు ఐటీఐ చదివినవారై ఉండాలన్నది నియమం. అంటే డిప్లొమావాళ్ళకు అక్కడ చోటు ఉన్నట్టే.

సీఐటీఎస్ ఏడాదిలో ట్రేడ్ ఒక ఎత్తు, బోధన పద్ధతి ఒక ఎత్తు. చాలామంది తడబడేది రెండోదాంట్లోనే. మోటారును మెల్లగా స్టార్ట్ చేసే స్టార్-డెల్టా స్టార్టర్ కనెక్షన్ తనకు వచ్చు కదా అని గబగబా చేసి చూపిస్తారు. ఎలక్ట్రీషియన్ యూనిట్‌కు 20 మంది, అందరూ ఒక్క టేబుల్ చుట్టూ మూగితే వెనక పదిమందికి వీపులే కనిపిస్తాయి. రెండు గుంపులు చేయాలి. సప్లై ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఒకసారి మామూలు వేగంతో చేసి చూపాలి, రెండోసారి ఒక్కో వైరు ఎటు పోతుందో చెబుతూ మెల్లగా చేయాలి, మూడోసారి పిల్లలతో చేయించాలి. లెసన్ ప్లాన్‌లో తయారీ, బోధన, అభ్యాసం, పరీక్ష అనే నాలుగు మెట్లు ఉంటాయి. కొత్తవాళ్ళు బోధనలోనే గంటంతా గడిపేస్తారు, చేయించే టైమ్ మిగలదు.

ఆన్‌లైన్ కోర్సు మీద నాకు గట్టి అనుమానమే ఉంది. కరెంటు పని నేర్పడం స్క్రీన్ ముందు కూర్చుంటే రాదు. ఎన్‌సీఐసీ కాని కాగితం మీద ఎంత బంగారు ముద్ర ఉన్నా ఐటీఐలో పనికిరాదు. ఒక్కో పరిశ్రమకు నైపుణ్య ప్రమాణాలు చూసే సెక్టార్ స్కిల్ కౌన్సిళ్ళు ఇచ్చే ట్రైనర్ సర్టిఫికెట్ వేరే సంగతి, అది నిజమైనదే. కానీ అది ఒక్క జాబ్‌రోల్‌కే, అంటే ఒక్క రకం పనికే ఇస్తారు, పైగా స్కిల్ సెంటర్లలో బ్యాచ్‌లు వస్తేనే జీతం. డబ్బు కట్టేముందు సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుంది, ఏ జాబ్‌రోల్‌కు, గడువు ఎంత అని రాసి ఇమ్మనండి. ఇవ్వకపోతే లేచి రండి.

వయోజన విద్య ఉద్యోగం ఇప్పిస్తానన్నాయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. సాక్షర భారత్ అనే కేంద్ర వయోజన విద్యా పథకంలో చదువు కేంద్రాలు నడిపిన ప్రేరక్‌లకు నెలకు ఇచ్చింది 2,000 రూపాయలు, ఆ పథకం 2018 మార్చితో ఆగిపోయింది. ఇప్పుడున్న ఉల్లాస్ అనే కేంద్ర పథకం వాలంటీర్లతో నడుస్తుంది, జీతం లేదు. అయినా పని చాలా అవసరమైనది. 2011 లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతమే. మీ బిడ్డకు ఇష్టముంటే సాయంత్రాలు పదిమంది ఆడవాళ్ళకు చదువు చెప్పనివ్వండి. పెద్దవాళ్ళు సిగ్గుపడకుండా ప్రశ్న అడిగేలా చేయడం అక్కడే వస్తుంది.

జీతం సంగతి దాచను. ప్రభుత్వ ఐటీఐలో ఏటీఓ (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, అంటే ఇన్‌స్ట్రక్టర్) పోస్టులకు నోటిఫికేషన్ ఏటా రాదు. అందాకా ప్రైవేటు ఐటీఐ, లేదా గంటల లెక్కన గెస్టు పని. మొదట్లో మిల్లు జీతం కన్నా తక్కువే రావచ్చు. 2024 నుంచి రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. కాబట్టి పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్), వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పని కూడా చేతికి వచ్చేలా చూసుకోమనండి.

సీటు ఖాయమయ్యేదాకా మిల్లు మానొద్దు. మానే రోజు లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం తీసుకోవాలి. అందులో చేరిన తేదీ, వదిలిన తేదీ, ‘ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్’ అన్న మాట తప్పకుండా ఉండాలి. ఉత్త ‘సూపర్‌వైజర్’ అని రాసిస్తే ట్రేడ్ అనుభవంగా చూపడం కష్టమవుతుంది. పీఎఫ్ ఉంటే దాని పాస్‌బుక్, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా జత చేసి పెట్టుకోమనండి.