వేటకూ రేంజ్‌కూ కలిపి ఒకటే పెద్ద రివాల్వర్ కొనాలంటే ఏది మంచిది?

అడిగిన ప్రశ్న ఇది: టెక్సాస్‌లో ఉంటున్నాను, ఈ మధ్యే గ్రీన్‌కార్డ్ వచ్చింది. అడవి పందుల వేటకూ, వారాంతాల్లో రేంజ్‌లో కాల్చుకోవడానికీ కలిపి ఒక్కటే పెద్ద రివాల్వర్ కొందామనుకుంటున్నాను. షాపులో 500 మాగ్నమ్ అనే పెద్ద తూటా కాల్చే రివాల్వర్ చూపించారు. తీసుకోవచ్చా?

వద్దండి. కనీసం మొదటి రివాల్వర్‌గా మాత్రం వద్దు. మీరిప్పుడు ఉన్న పరిస్థితిలోనే నేను 2016లో ఉన్నాను, మీరడుగుతున్నదే కొన్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

500 అంటే ఎనిమిది అంగుళాల పైచిలుకు బ్యారెల్, సుమారు 2 కిలోల బరువు, సిలిండర్‌లో ఐదే తూటాలు. 2003లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ దీన్ని తెచ్చినప్పుడు దీనికోసమే కొత్త ఫ్రేమ్, అంటే తుపాకీ చట్రం, చేయాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ రివాల్వర్లలో దీన్ని మించిన బలం లేదని షాపులో చెప్పిన ఒక్క మాటకే నేను పడిపోయాను. మొదటి రోజు రేంజ్‌లో పది తూటాలు కాల్చేసరికి అరచెయ్యి తిమ్మిరెక్కింది, బొటనవేలి మొదట్లో చర్మం కమిలింది. అయినా సంతోషంగానే ఇంటికొచ్చాను. దెబ్బ తగిలింది చేతికి కాదని అప్పటికి తెలియదు.

ఆ నవంబర్‌లో ఒక రాంచ్‌కి పందుల వేటకు వెళ్ళాను. పొద్దు వాలుతోంది. 45 గజాల దూరంలో ఒక ఆడపంది పక్కకు తిరిగి, కదలకుండా నిలబడింది. చేతులు రెండూ కర్ర మీద ఆనించి, గురి చూసి కాల్చాను. భుజం దగ్గర తగలాల్సిన గుండు పొట్ట కింది భాగంలో తగిలింది. పంది అరుచుకుంటూ పొదల్లోకి దూరింది. టార్చిలైట్లు పట్టుకుని రెండున్నర గంటలు వెతికాం. మోకాలి ఎత్తున గడ్డి పరకలకు నెత్తురు రాసుకుని ఉంది, ఒక్కోచోట ఇరవై అడుగులకు ఒక చుక్క. చివరికి వాగు గట్టున దొరికింది, ఇంకా ఊపిరి ఆడుతోంది. రాంచ్ పెద్దాయన తన రైఫిల్‌తో దాని బాధ తీర్చాడు. అన్ని గంటల నరకం ఆ ప్రాణికి నా వల్లే. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పట్టుకుంటోంది.

ఆ రాత్రి ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే రాంచ్‌లోనే ఒక మట్టి గట్టు ముందుకు తీసుకెళ్ళాడు. నా రివాల్వర్ తీసుకుని, వెనక్కి తిరిగి, రెండు మంచి తూటాలు, మూడు కాల్చేసిన ఖాళీ గుల్లలు కలిపి పెట్టి, సిలిండర్ తిప్పి నా చేతికిచ్చాడు. కాల్చమన్నాడు. మొదటి నొక్కుకు హ్యామర్ (తూటాను వెనకనుంచి కొట్టే సుత్తి) ఖాళీ గుల్ల మీద పడింది. శబ్దం లేదు, తన్ను లేదు. కానీ బ్యారెల్ మూతి జానెడు కిందికి దిగిపోయింది. నా కళ్ళతో నేను చూశాను. రాబోయే దెబ్బకు భయపడి నా చెయ్యి, తూటా పేలకముందే తుపాకీని కిందికి తోసేస్తోంది. ముందురోజు పందికి జరిగింది అదే. రేంజ్‌లో ప్రతిసారీ తూటా పేలుతుంది కాబట్టి, ఆ కుదుపులో ఈ ఉలికిపాటు కనిపించదు. కాగితం మీద గుళ్ళన్నీ కింద పడుతుంటే తుపాకీ మీద గురి చూసే సైట్లు సరిగా లేవేమో అనుకుంటాం.

అందుకే బలం గురించి కాగితం మీద అంకెలు ఒకసారి చూసి పక్కన పెట్టండి. మామూలు తూటాలతో 357 మాగ్నమ్ సుమారు 550 ఫుట్-పౌండ్ల శక్తి ఇస్తుంది, 44 మాగ్నమ్ 900 నుంచి 1000 వరకు, 454 కసుల్ 1700 పైన, 500 దాదాపు 2500. చూడ్డానికి 44 పక్కన 500 ఏనుగులా ఉంటుంది. కానీ జింకైనా పందైనా పడిపోయేది గుండెకో ఊపిరితిత్తులకో గుండు తగిలితేనే. 44 నుంచి వెళ్ళే 240 గ్రెయిన్ల బరువున్న గుండు సరైన చోట తగిలితే వైట్‌టెయిల్ జింకలో చాలాసార్లు ఇటునుంచి అటు దూసుకుపోతుంది. అది చేయగలిగిన పనికి రెండున్నర రెట్ల తన్ను భరించి, గురి పోగొట్టుకోవడం దేనికి? అలాస్కాలో పెద్ద ఎలుగుబంట్ల మధ్య తిరిగేవాళ్ళ లెక్క వేరు. మీరు కాల్చబోయేది టెక్సాస్ పందుల్ని.

నా సలహా 44 మాగ్నమ్. 1955 చివర్లో వచ్చింది. ఐడహోలో ఎల్మర్ కీత్ అనే వేటగాడు, పత్రికల్లో తుపాకుల గురించి రాసేవాడు, పాత 44 స్పెషల్ గుల్లల్లో మందు ఎక్కువ దట్టించి ఏళ్ళ తరబడి వేటాడి, ఇలాంటి తూటా ఫ్యాక్టరీలోనే చేయమని కంపెనీల వెంటపడితే పుట్టింది. మందు బలం పెరిగింది కాబట్టి పాత తుపాకుల్లో పట్టకుండా గుల్లను అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు చేశారు. ఆ చిన్న మార్పే ఈరోజు మీకు పనికొచ్చేది. 44 స్పెషల్ తూటా మాగ్నమ్ రివాల్వర్‌లో హాయిగా పడుతుంది, మాగ్నమ్ తూటా స్పెషల్ రివాల్వర్‌లో పట్టదు. అంటే ఒకే తుపాకీతో రేంజ్‌లో మెత్తగా కాల్చుకోవచ్చు, వేటకు అసలు తూటా పెట్టుకోవచ్చు. మీరు ఒకే రివాల్వర్ రెండింటికీ అన్నారు కదా, దానికి ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు. ఒక్క జాగ్రత్త: స్పెషల్ తూటాలు ఎక్కువ కాలిస్తే సిలిండర్ గదుల్లో, పొట్టి గుల్ల ఆగిన చోట మసి వలయంలా పేరుకుంటుంది. దాని మీద మాగ్నమ్ తూటా పూర్తిగా లోపలికి దిగదు. బలవంతంగా తొయ్యకుండా, ఆ రోజే బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి.

ఇంకా పెద్దది కావాలనే కోరిక చావకపోతే, రెండేళ్ళ తర్వాత 454 కసుల్ వైపు చూడండి. అందులో 45 కోల్ట్ తూటాలు మెత్తగా కాల్చుకోవచ్చు. 2005లో వచ్చిన 460 మాగ్నమ్ రివాల్వర్‌లోనైతే ఈ రెండు తూటాలూ పడతాయి.

మోడల్ విషయానికొస్తే, నేనిప్పుడు వాడేది రూగర్ కంపెనీ 44 మాగ్నమ్ సూపర్ రెడ్‌హాక్, ఏడున్నర అంగుళాల బ్యారెల్, ఒకటిన్నర కిలో. నడుముకు తగిలించుకుంటే బరువే, ఛాతీ మీద కట్టుకునే హోల్‌స్టర్‌లో తెలియదు. ఆ బరువు తన్నును మింగేస్తుంది. స్మిత్ అండ్ వెసన్ 629 ట్రిగ్గర్ దీనికన్నా నునుపు, చేతికి అందంగా అమరుతుంది, కానీ బరువైన తూటాలు ఏళ్ళ తరబడి కాల్చాలంటే రూగర్ గట్టిది అని నా అభిప్రాయం. తేలిగ్గా ఉండేలా చేసిన 44లు కొన్ని ఉంటాయి, ముప్ఫై ఔన్సులు కూడా ఉండవు. వాటి జోలికి పోకండి. చెయ్యి సంగతి అటుంచండి, ఆ కుదుపుకు ఇంకా కాల్చని తూటాల్లో గుళ్ళు గుల్లల్లోంచి ముందుకు జరిగి, సిలిండర్ తిరగకుండా బిగుసుకుపోతుంది.

హ్యామర్ ప్రతిసారీ చేత్తో లాగే సింగిల్ యాక్షన్ రకం, రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ లాంటివి, ధర తక్కువ. వేటకు సరిపోతాయి. కానీ పిడి చేతిలో పైకి తిరుగుతుంది, కొందరికి ట్రిగ్గర్ గార్డ్ వచ్చి మధ్యవేలి కణుపుకు కొడుతుంది. ముందు ఎవరిదైనా కాల్చి చూసి, మీ చేతికి పడితేనే తీసుకోండి. నలభై దాటిన కళ్ళయితే ముందు సైట్ మసగ్గా కనిపిస్తుంది, నాకు అలాగే అయింది. రెడ్ డాట్ (గురి చోట ఎర్ర చుక్క చూపించే సైట్) పెట్టించాక సాయంత్రపు వెలుతురులో గురి మళ్ళీ దారిలో పడింది. సూపర్ రెడ్‌హాక్ ఫ్రేమ్ మీదే స్కోప్ బిగించుకునే గాట్లు ఉంటాయి, అదో సౌకర్యం.

తూటాల ఖర్చు చూసుకోండి. 44 ఒక్కోటి డాలర్ పైనే పడుతుంది. 500 దానికి రెండు మూడు రెట్లు. ఖరీదైన తూటా అని తక్కువ కాలుస్తాం, తక్కువ కాలిస్తే నేర్చుకోం. నా 500కి రెండేళ్ళలో నేను కాల్చింది రెండు వందలు దాటలేదు. వేటకు 240 గ్రెయిన్ల సాఫ్ట్‌పాయింట్, అంటే మెత్తని మొన ఉన్న గుండు, జింకకు చాలు. ముదిరిన మగ పందికి భుజాల మీద చర్మం కింద గట్టి మృదులాస్థి కవచంలా ఉంటుంది, దానికి బరువైన, గట్టి సీసపు గుండు మంచిది. పందికి గుండె జింకకన్నా కిందగా, ముందు కాళ్ళ మధ్యకు ఉంటుందని గుర్తుంచుకోండి. జింకకు చూసినట్టు భుజం వెనక గురి పెడితే పొట్టకు తగులుతుంది.

ఇప్పుడు నేను బతిమాలి చెప్పే విషయాలు. రివాల్వర్‌లో సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నని సందు ఉంటుంది. పేలిన ప్రతిసారీ ఆ సందులోంచి పక్కలకు మండే వాయువు కత్తిలా వస్తుంది. రైఫిల్ అలవాటున్న వాళ్ళు ఎడమ చెయ్యి ముందుకు పెట్టి పట్టుకుంటారు. పెద్ద మాగ్నమ్‌లతో అలా చేసి వేలు పోగొట్టుకున్న వాళ్ళున్నారు. నా 500ని ఇసుక సంచి మీద ఆ సందు ఆనేలా పెట్టి ఒకసారి కాల్చాను. సంచి గుడ్డ బ్లేడుతో కోసినట్టు తెగి, అంచులు నల్లగా మాడి, ఇసుక బల్ల మీద కారింది. అక్కడ వేలుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

రెండోది, కొత్తవాళ్ళకు ఎవరికైనా పెద్ద రివాల్వర్ ఇస్తే ఒక్క తూటా మాత్రమే పెట్టి ఇవ్వండి. మొదటి దెబ్బకు తుపాకీ నెత్తి మీదికి లేస్తుంది, కంగారులో చెయ్యి బిగుసుకుని ట్రిగ్గర్ మళ్ళీ నొక్కుకుంటుంది, అప్పటికి బ్యారెల్ ఎటు చూస్తోందో ఎవరికీ తెలియదు. బావమరిది వచ్చాడని, ఫ్రెండ్ వీడియో తీస్తానన్నాడని సిలిండర్ నింపి ఇవ్వకండి. చెవులకు లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ. వేటలో కూడా. పోయిన వినికిడి తిరిగి రాదు.

మీకు గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి కొనడానికి ఇబ్బంది లేదు. 21 నిండాలి, షాపులో 4473 ఫారం నింపితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. కానీ ఇది చదివే హెచ్-1బీ వాళ్ళకు చెప్పాలి: వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా దాని కిందికే వస్తుంది. ఫ్రెండ్స్‌తో సరదాగా వెళ్ళేముందు లాయర్‌ని అడగండి, ఇమిగ్రేషన్‌తో ఆట వద్దు. ఇందులో ఒక మెలిక ఉంది. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే పందుల వేటకు లైసెన్స్ అక్కర్లేదు, కానీ వీసా వాళ్ళకు ఫెడరల్ మినహాయింపు రావాలంటే ఆ లైసెన్సే కావాలి. జింకకైతే అందరికీ కావాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, 17 నిండితే ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు. పందుల వేటకే వెళ్తున్నా సరే చేయండి, గాయపడిన జంతువును ఎలా వెతకాలో నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగును ఎప్పుడూ ఇండియా ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా వల్ల శంషాబాద్‌తో సహా అక్కడి ఎయిర్‌పోర్టుల్లో ఆయుధ చట్టం కింద కేసులైన వార్తలు మీరూ చదివే ఉంటారు. ఇంట్లో పిల్లలుంటే తుపాకీ కన్నా ముందు సేఫ్ కొనండి.

కొన్నాక మొదటి రెండు మూడు నెలలు 44 స్పెషల్ మాత్రమే కాల్చండి, మధ్యలో ఖాళీ గుల్లలు కలుపుతూ. బ్యారెల్ మూతి కదలడం ఆగాకే మాగ్నమ్‌కి వెళ్ళండి. తర్వాత తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు పెట్టి, బల్ల మీద ఆనించకుండా, వేటలో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని ఐదు కాల్చండి. ఐదుకు ఐదూ ప్లేటులో పడిన దూరం ఎంతో, ఆ సీజన్‌కి మీ హద్దు అదే. 25 గజాలే అయితే 25 గజాలే. నాకిప్పుడు అది 60. గత జనవరిలో 70 గజాల్లో మంచి మగ పంది నిలబడితే రివాల్వర్ దించేసి చూస్తూ కూర్చున్నాను.

నా 500 ఎప్పుడో అమ్మేశాను. డాలస్ చుట్టుపక్కల ఉంటే మెసేజ్ పెట్టండి. షాపుకు వెళ్ళేముందు ఒక శనివారం నా సూపర్ రెడ్‌హాక్‌తో కాల్చి చూద్దురుగాని. ఖాళీ గుల్లలు నేను తెస్తాను.