కన్సల్టింగ్ సంస్థలో ఉద్యోగం లోపలి నుంచి ఎలా ఉంటుంది?

విమానాలు, హోటళ్లు, సూట్లు చూసి ఆశగా ఉంది, కంపెనీలకు సమస్య ఎక్కడుందో తేల్చి సలహా ఇచ్చే ఈ ఉద్యోగంలో చేరవచ్చా అని అడిగారు. నేను ఆరేళ్లు చేసి బయటికొచ్చాను.

నా రెండో ప్రాజెక్టు ఒక ఫ్యాక్టరీ స్పేర్ పార్టుల గోదాములో. కొనుగోళ్ల ఖర్చు ఎందుకు పెరుగుతోందో తేల్చాలి. మూడు రోజులు ఎక్సెల్‌తో కుస్తీ పట్టినా అంతు చిక్కలేదు. నాలుగో రోజు స్టోర్ ఇన్‌ఛార్జి గారు టీ తాగుతూ సొరుగులోంచి ఒక నలిగిన నోటుపుస్తకం తీశారు. ఒకే బేరింగు సిస్టమ్‌లో మూడు కోడ్‌లతో ఉంది. ఒక కోడ్ కింద నిల్వ సున్నా అనగానే కొత్త ఆర్డర్ వెళ్లిపోతుంది. పక్క అరలో అవే బేరింగులు నలభై దాకా పడి ఉంటాయి! ఆయన రెండేళ్లుగా మొత్తుకుంటున్నా వినలేదట. మేం అదే మాట స్లయిడ్ మీద పెట్టేసరికి పెద్దలంతా తలలూపారు. సంతోషమేసింది, సిగ్గూ వేసింది. కింద ఆయన పేరు రాస్తే మా మేనేజర్ కొట్టేసి 'ఆధారం: కంపెనీ డేటా' అని పెట్టాడు.

ఆ కోడ్‌లు కలిపారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. రిపోర్టు ఇచ్చిన మరుసటి సోమవారానికి ఇంకో క్లయింటు దగ్గర ఉన్నాను. రాత్రి పదకొండింటికి పార్టనర్ (సంస్థలో వాటా ఉన్న పెద్ద బాస్) నుంచి వచ్చే 'అయితే ఏంటట?' అనే ఒక్క ముక్క కామెంటు కన్నా నాకు ఇదే ఎక్కువ చిరాకు. ఆ కామెంటు వల్ల కనీసం తేలిన విషయం ముందు, కారణాలు తర్వాత చెప్పడం అలవాటైంది.

యుటిలైజేషన్ (మన పనిగంటల్లో క్లయింటుకు బిల్లయ్యే వాటా) టెన్షన్ వేరే. వారంలో 40 గంటలకు 32 గంటలు క్లయింటుకు బిల్లయితే 80 శాతం. కొత్త ప్రాజెక్టు కోసం రాత్రుళ్లు కూర్చుని రాసే ప్రపోజల్ ఆ లెక్కలోకి రాదు. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉంటే జీతం వస్తుంది, నిద్ర రాదు. ప్రమోషన్ రాకపోతే బయటికి దారి చూపించే పద్ధతి చాలా పెద్ద సంస్థల్లో ఉంది.

ఇంకోటి, 1970లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ తెచ్చిన నాలుగు గళ్ల పట్టికలో వ్యాపారాలకు ఆవు, కుక్క అని పేర్లుంటాయి. ఆవంటే నిలకడగా డబ్బిచ్చేది, కుక్కంటే ఎదుగుదల, మార్కెట్ వాటా రెండూ తక్కువున్నది. మేం కుక్క గడిలో వేసిన విభాగం అధిపతి ఒకసారి సరిగ్గా నా ఎదుటి కుర్చీలోనే కూర్చున్నాడు. స్లయిడ్ ఎంత తొందరగా తిప్పానో!

అయినా పాతికేళ్ల వయసులో ఒక కంపెనీ లెక్కలన్నీ ముందు పోసి, తేడా ఎక్కడుందో చెప్పమని అడిగే ఉద్యోగం నాకు ఇంకోటి తెలియదు. ఇంటర్వ్యూలో ఒక్కటి అడగండి: రిపోర్టు ఇచ్చి వచ్చేస్తారా, అమలయ్యేదాకా ఉంటారా? ఉంటామంటే చేరిపోండి.