100 వాట్ల యాంప్ కొనే ముందు స్పీకర్ వెనక స్టిక్కర్ చదవండి

మీరు రాసినదాన్ని బట్టి: పదేళ్ల నాటి 30+30 వాట్ల స్టీరియో యాంప్లిఫైయర్, 85 డెసిబెల్స్ సెన్సిటివిటీ (కాస్త పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత) ఉన్న 4 ఓమ్‌ల (ఈ అంకె తగ్గేకొద్దీ యాంప్ మీద బరువు పెరుగుతుంది) బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 12x16 అడుగుల హాలు. సౌండ్ పెంచితే గొంతులు గరగరలాడుతున్నాయి, రెండు మూడు పాటలయ్యాక యాంప్ టక్కున ఆగిపోతోంది. షాపులో 100 వాట్లది తీసుకోమంటున్నారు, మీ బావగారేమో అమెరికా నుంచి తెస్తానంటున్నారు. బడ్జెట్ 40 వేలు.

మీ విషయంలో యాంప్ మార్చాల్సిన అవసరం నిజంగానే ఉన్నట్టుంది. కానీ ఆ 100 అంకెను చూసి కొనకండి. అంతకంటే ముందు పైసా ఖర్చు లేని పనులు రెండున్నాయి. అలాంటివి చూసుకోకుండానే నేనొకసారి 28 వేలు పెట్టి కొత్త యాంప్ కొనేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పట్లో మా పాత యాంప్‌లో ఎడమ వైపు సౌండ్ పోయేది. వాల్యూమ్ తగ్గిస్తే ఎడమ స్పీకర్ మూగబోయేది, బాగా పెంచితే తిరిగి పలికేది. ఇక దీని పని అయిపోయిందనుకుని కొత్తది తెచ్చుకున్నాను. పాతదాన్ని పారేయడానికి మనసొప్పక, కోఠి గుజరాతీ గల్లీకి వేరే పని మీద వెళ్లినప్పుడు ఒక మెకానిక్‌కి చూపించాను. ఆయన మూత విప్పి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గరున్న చిన్న రిలేని (స్పీకర్లకి కనెక్షన్ కలిపే, తెంపే స్విచ్) ఊడదీసి, పైనున్న ప్లాస్టిక్ డొప్ప తీసి నా అరచేతిలో పెట్టాడు. లోపల రెండు సన్నటి రేకులు. అవి ఒకదానికొకటి తగిలే చోట దీపం మసి పట్టినట్టు నల్లగా ఉంది. సన్నటి సిగ్నల్ ఆ మసిని దాటలేదు, వాల్యూమ్ పెంచితే దాటుతుంది. రిలే ఖరీదు, ఆయన మజూరీ కలిపి 450 రూపాయలు. ఆ యాంప్ ఇప్పుడు మా అమ్మ గదిలో రోజూ పొద్దున్నే మోగుతోంది.

మీది ఆ జబ్బు కాదు. ఉన్నట్టుండి ఆగిపోతోందంటే యాంప్ కాలిపోకుండా కాపాడే ప్రొటెక్షన్ పనిచేస్తోందన్నమాట. ముందు ప్లగ్ పీకేసి యాంప్ వెనక, స్పీకర్ల వెనక వైర్లు చూడండి. మెలిపెట్టిన రాగి పోగుల్లో ఒక్కటి బయటికి వచ్చి పక్క టెర్మినల్‌ని తాకినా యాంప్ ఆగిపోతుంది. చివరలు కత్తిరించి, కొత్తగా ఒలిచి, గట్టిగా మెలిపెట్టి బిగించండి. రెండోది గాలి. మన ఇళ్లలో యాంప్‌ని టీవీ యూనిట్ అరలో దూర్చి, పైన లేసు గుడ్డ కప్పి, దాని మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టేస్తాం. ఏప్రిల్ ఎండల్లో ఆ అరలో వేడి ఎటు పోతుంది? యాంప్‌ని బయటికి తీసి, పైన జానెడు ఖాళీ వదిలి, ఒక గంట పాటు మీరు మామూలుగా వినేంత సౌండ్‌లో వినండి. అప్పటికీ ఆగిపోతుంటే ఆ స్పీకర్లను అది మోయలేకపోతోందని అర్థం. గరగర మొదలయ్యాక మాత్రం వాల్యూమ్ అలాగే ఉంచకండి. యాంప్ శక్తి చాలక సిగ్నల్ కొనలు తెగిపోతున్న చప్పుడది, దానికి మొదట మాడిపోయేది ట్వీటర్, అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్.

ఎందుకు మోయలేకపోతోందో లెక్క వేద్దాం. స్పీకర్ల సెన్సిటివిటీని చాలామంది తయారీదారులు 2.83 వోల్టుల దగ్గర కొలిచి రాస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 2.83 వోల్టులంటే 1 వాట్. 4 ఓమ్‌లకి అవే వోల్టులు 2 వాట్లు. కాబట్టి మీ స్పీకర్ 1 వాట్‌కి, మీటరు దూరంలో, ఇచ్చేది 85 కాదు, 82. రెండు స్పీకర్లు కలిస్తే 85. మీరు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటారనుకుంటే గదిలో అది దాదాపు 80కి పడిపోతుంది. 80 అంటే హాలు నిండుగా, కానీ పక్కింటివాళ్లు తలుపు తట్టనంతగా వినిపించే స్థాయి. దానికి సగటున ఒక్కో వైపు 1 వాట్ సరిపోతోంది చూడండి. అయితే పాటలో అన్నీ సగటులు కావు. మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు ఆ ఒక్క క్షణం 15 డెసిబెల్స్ పైకి లేస్తుంది, 15 డెసిబెల్స్ అంటే 32 రెట్ల పవర్. మీ 30 వాట్ల యాంప్ అక్కడికే అంచుకి చేరింది. ఇంకో 5 డెసిబెల్స్ పెంచితే ఆ దెబ్బకి 100 వాట్లు కావాలి.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. 60 వాట్ల నుంచి 100 వాట్లకి వెళ్తే వచ్చే తేడా 2.2 డెసిబెల్స్ మాత్రమే. పవర్ రెట్టింపు చేసినా 3 డెసిబెల్సే. చెవికి 'రెట్టింపు సౌండ్' అనిపించాలంటే పది రెట్లు పవర్ కావాలి. అందుకని 80 వాట్లకి, 100 వాట్లకి మధ్య ఊగిసలాడుతూ టెన్షన్ పడొద్దు. చూడాల్సిన అంకెలు వేరే ఉన్నాయి.

స్పెసిఫికేషన్లలో 8 ఓమ్‌లకి ఎంత, 4 ఓమ్‌లకి ఎంత అని రెండూ రాసి ఉన్నాయా చూడండి. 4 ఓమ్‌ల అంకె రాయని యాంప్ జోలికి మీరు వెళ్లకపోవడమే మంచిది. ఉదాహరణకి డెనాన్ పీఎంఏ-600ఎన్ఈకి 8 ఓమ్‌లకి 45, 4 ఓమ్‌లకి 70 వాట్లని రాస్తారు. 45 చూస్తే చిన్నదనిపిస్తుంది, మీ స్పీకర్లకి మాత్రం లెక్కలోకి వచ్చేది ఆ 70. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020 కాగితం మీద 20 వాట్లదే. బరువైన స్పీకర్లు తగిలించినప్పుడు క్షణకాలం అంతకు రెండు మూడు రెట్లు ఇవ్వగలిగేది కాబట్టే ఇన్నేళ్లయినా దాని పేరు వినబడుతోంది. మనం చిన్నప్పుడు టేప్‌రికార్డర్ల మీద చూసిన 'పీఎంపీఓ' వేల వాట్లు దీనికి పూర్తిగా ఎదురు. ఆ అంకెకి అర్థమే లేదు.

క్లాస్-డీ (తక్కువ వేడెక్కే స్విచింగ్ పద్ధతి) చిన్న యాంపులు మీ బడ్జెట్‌లో సగం లోపే వస్తాయి, మంచివి నిజంగానే బాగుంటాయి. అక్కడ కూడా పెట్టె మీది అంకె వదిలేయండి. చాలావాటిలో ఉండే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీపీఏ3255 చిప్‌కి 315 వాట్లని చెప్పేది 10 శాతం డిస్టార్షన్ దగ్గర, పాట చెడిపోయాక వచ్చే అంకె అది. మీరు అడాప్టర్ తిప్పి చూడండి. 32 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంటే 160 వాట్లు, అదీ రెండు వైపులకీ కలిపి. నిలకడగా అంతకు మించి రాదు. 48 వోల్టులు, 5 ఆంపియర్లది అయితే 240, మీ హాలుకి అది చాలు.

తర్వాత నేను కూడా 4 ఓమ్‌ల స్పీకర్లే కొన్నాను. అప్పుడు 4 ఓమ్‌లకి 70 వాట్లిచ్చే యాంప్ ఇంటికి తెచ్చుకుని, ముందున్న 28 వేలదానితో పక్కపక్కనే పెట్టి విన్నాను. చెవిని నమ్మి వాల్యూమ్ సమానం చేస్తే మోసపోతాం, ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకని ఫోన్‌లో 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ రెండు టెర్మినల్స్ మధ్య మల్టీమీటర్ ఏసీలో ఉంచి, రెండు యాంపులూ 1 వోల్ట్ చూపించేలా సరిచేశాను. క్లాస్-డీ యాంపుల నెగెటివ్ టెర్మినల్‌ని ఇంకో యాంప్ నెగెటివ్‌తో ఎప్పుడూ కలపకండి, చాలావాటిలో అది గ్రౌండ్ కాదు. వైర్లు మార్చడం మా ఆవిడ చేసింది, ఏది మోగుతోందో నాకు చెప్పకుండా. ఆ సౌండ్‌లో పది సార్లు విన్నా తేడా పట్టుకోలేకపోయాను. వాల్యూమ్ బాగా పెంచి, మళ్లీ మీటర్‌తో సరిచేసి వింటే అప్పుడు తెలిసింది: పాతదానిలో మృదంగం ఎడమ వైపు గుమ్మనే దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు వచ్చింది, నాదస్వరం చెవిలో గుచ్చుకుంది. కొత్తదానిలో ఆ రెండూ విడివిడిగా, నిండుగా ఉన్నాయి. మీరు చెప్పిన గరగర కూడా సౌండ్ పెంచినప్పుడే కాబట్టి మీకు ఈ మార్పు తప్పకుండా తెలుస్తుంది.

అమెరికా మాట వద్దనే చెబుతాను. అక్కడ అమ్మేవి చాలావరకు 120 వోల్టులకే పనిచేస్తాయి. మా ఇంట్లో అలా వచ్చిన ఒకదాన్ని పండక్కి వచ్చిన పిల్లాడు తెలియక నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెట్టాడు. ఒక్క క్షణంలో వార్నిష్ కాలిన వాసన, ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నా అదొక బరువు, దాని గుంయ్‌మనే మోత ఒకటి, పైగా వారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు. అడాప్టర్‌తో నడిచే క్లాస్-డీ యాంప్ అయి, అడాప్టర్ మీద 100-240 వోల్టులని ఉంటే మాత్రం నిశ్చింతగా తెప్పించుకోండి.

మీ స్థానంలో నేనైతే, రికార్డ్ ప్లేయర్ ఉంటే ఫోనో ఇన్‌పుట్, రిమోట్ ఉన్న మామూలు ఇంటిగ్రేటెడ్ యాంప్ (అన్నీ ఒకే పెట్టెలో ఉండేది), 4 ఓమ్‌లకి 70 వాట్ల చుట్టుపక్కల ఉన్నది తీసుకుంటాను. ఫోన్, టీవీ మాత్రమే అయితే 48 వోల్టుల క్లాస్-డీ తీసుకుని, మిగిలిన డబ్బులో కొంత గదికి పెడతాను. మీ హాల్లో నడుమ నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. టంగ్‌మని మోగితే స్పీకర్ల ముందు నేల మీద మందమైన జంపఖానా పరిచి, ఎదురుగోడ కిటికీకి బరువైన కర్టెన్ వేయండి. మార్బుల్ నేల ఉన్న మా హాల్లో మాటల స్పష్టతకి అది చేసిన మేలు యాంప్ చేసినదానికంటే తక్కువేమీ కాదు.

స్పీకర్ వెనక స్టిక్కర్ మీద 'మినిమమ్ ఇంపెడెన్స్' (ఆ స్పీకర్ ఓమ్‌లు పడిపోయే అతి తక్కువ స్థాయి) అని ఇంకో అంకె ఉందేమో చూడండి. అది 3 ఓమ్‌లకి దగ్గర్లో ఉంటే పైన చెప్పినవాటిలో కొన్ని పనికిరావు. ఆ అంకె, స్పీకర్ మోడల్ పేరు ఇక్కడ రాస్తే, మీరు అనుకుంటున్న యాంప్ దానికి సరిపోతుందో లేదో లెక్కవేసి చెబుతాను.